ఊరుకాని ఊరిలో భోజనం: చూసి తినాలి, మృదువుగా అడగాలి

దివ్యఖుర్ఆన్‌లోని కహఫ్ సూరాలో గుహవాసుల వృత్తాంతం మనందరికీ తెలిసినదే. విశ్వాసాన్ని కాపాడుకోవడానికి గుహలో తలదాచుకున్న ఆ యువకులు సుదీర్ఘ నిద్ర నుంచి మేల్కొన్నారు. ఎంతకాలం పడుకున్నారో వారికే తెలియదు. ఆకలి దహించివేస్తోంది. తమలో ఒకరి చేతికి వెండి నాణెం ఇచ్చి పట్టణానికి పంపారు. పంపుతూ ఏం చెప్పారో అల్లాహ్ 19వ వాక్యంలో మనకు తెలియజేశాడు. ఎవరి వద్ద ఆహారం ఎక్కువ పరిశుద్ధమైనదో చూడమన్నారు. అక్కడి నుంచే తెమ్మన్నారు. మెలకువగా, మృదువుగా మసలుకోమన్నారు.

కాస్త ఆలోచించండి. వారు ఆకలితో ఉన్నారు. ప్రాణభయంతోనూ ఉన్నారు. అయినా దొరికిందేదో తెచ్చెయ్యమని చెప్పలేదు. మృదువుగా మసలుకోమనడానికి మొదటి కారణం శత్రువుల కంట పడరాదన్న జాగ్రత్త. అయితే కొనుగోలు చేసేటప్పుడు సౌమ్యంగా మాట్లాడాలన్న పాఠాన్ని కూడా ధర్మవేత్తలు ఈ వాక్యంలో గ్రహించారు. ఇలా ఒకే వాక్యంలో రెండు ఆదేశాలు ఉన్నాయి. ఒకటి, చూసి తీసుకోవడం. రెండు, మెత్తగా వ్యవహరించడం. బయట భోజనం చేసే ప్రతి ముస్లిం కుటుంబానికీ ఈ రెండూ కావాలి. మనలో చాలామంది ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తున్నాం.

యూసుఫ్‌గూడ వీధుల నుంచి ఇంగ్లండు దాకా

ఒకప్పుడు బయట తినడమంటే ప్రయాణంలోనో, పెళ్ళి విందులోనో. ఇప్పుడు అది వారం వారం జరిగే పని. యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు నుంచి అమీర్‌పేట మీదుగా పంజగుట్ట దాకా వెళితే దారి పొడవునా బిర్యానీ హోటళ్ళు, ఇరానీ చాయ్ దుకాణాలు, కర్రీ పాయింట్లు, నూడుల్స్ బండ్లు, మండీ వడ్డించే రెస్టారెంట్లు. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వైపు మెట్రో రైలు మొదలయ్యాక యూసుఫ్‌గూడ వారికి నగరమంతా మరింత దగ్గరైంది. అదీ కాదంటే ఫోను మీద వేలు పెడితే చాలు, భోజనం గుమ్మం ముందుకే వస్తోంది.

ఇదే దారిలో ఉన్న అమీర్‌పేట కంప్యూటర్ కోర్సుల కేంద్రాల్లో చదువుకుని, పరీక్షలు రాసి, మన పిల్లలు ఎందరో విదేశాలకు వెళ్తున్నారు. వారిలో కొందరు ఇంగ్లండులోని లీసెస్టర్, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ వంటి నగరాలకు చేరుతున్నారు. ఒక యువకుడు అలా వెళ్ళాడనుకుందాం. చలి, వాన, ఒంటరితనం. గదిలో రొట్టె ముక్కలు తిని వారం గడిచింది. ఒక సాయంత్రం వీధి మలుపులో 'ఇండియన్ రెస్టారెంట్' అనే బోర్డు కనిపించింది. మసాలా వాసన ముక్కుకు తగిలింది. ఇంటికి వచ్చినట్టే అనిపించింది. లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. ఇప్పుడు అతను ఏం చేయాలి? అది తెలియాలంటే ముందు ఆ బోర్డు వెనుక ఏముందో తెలుసుకోవాలి.

బోర్డు ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

లండన్‌లో మన దేశపు వంటలతో తొలి భోజనశాల తెరిచిన ఘనత పాట్నాలో పుట్టిన షేక్ దీన్ ముహమ్మద్‌ది. 1810లో పోర్ట్‌మన్ స్క్వేర్ దగ్గర 'హిందూస్థానీ కాఫీ హౌస్' పేరుతో దాన్ని ప్రారంభించాడు. రెండేళ్ళలోనే, 1812లో దివాలా తీశాడు. 1926లో రీజెంట్ వీధిలో 'వీరాస్వామి' మొదలైంది. పేరు వింటే మన దక్షిణాది వారిదనిపిస్తుంది. స్థాపకుడు మాత్రం ఎడ్వర్డ్ పామర్. హైదరాబాద్ చరిత్రతో సంబంధమున్న పామర్ల కుటుంబానికి చెందినవాడు. తర్వాతి కాలంలో ఓడల్లో పనిచేసి ఆ దేశం చేరినవారు, వారి వెనుక వచ్చిన బంధువులు ఊరూరా భోజనశాలలు పెట్టారు. బ్రిటన్‌లో 'ఇండియన్' పేరుతో నడిచిన రెస్టారెంట్లలో అధిక భాగం నిజానికి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతపు ముస్లిములవే.

అంటే బోర్డు మీద ఇండియా, యజమాని బంగ్లాదేశీ ముస్లిం, భోజనానికి వచ్చేవారిలో ఎక్కువమంది ఆంగ్లేయులు. కూరతో పాటు బీరు తాగడం అక్కడివారికి అలవాటు. కనుక యజమాని ముస్లిం అయినా పక్క బల్ల మీద సీసా ఉండవచ్చు. బర్మింగ్‌హామ్‌లో 1970ల నుంచి పేరుపొందిన 'బాల్టీ' భోజనశాలలను ఎక్కువగా పాకిస్తానీ, కశ్మీరీ కుటుంబాలు నడిపాయి. వాటిలో చాలా చోట్ల మద్యం అమ్మేవారు కారు, కానీ వచ్చినవారు తమ సీసా తామే తెచ్చుకుంటే కాదనేవారు కారు. లీసెస్టర్‌లోని బెల్‌గ్రేవ్ రోడ్డులో గుజరాతీ సోదరుల శాకాహార భోజనశాలలు ప్రసిద్ధి. అక్కడ మాంసం సమస్యే రాదు. ఇలా 'ఇండియన్' అనే ఒక్క పేరు కింద ఎన్నో రకాల వంటిళ్ళు ఉన్నాయి. బోర్డు వంట రుచి గురించి చెబుతుంది. ధర్మసమ్మతమా కాదా అన్నది చెప్పదు.

మరి అద్దం మీద అంటించిన 'హలాల్' కాగితం సంగతేమిటి? దానికి విలువ ఉంది. అయితే దాని వెనుక ఎవరున్నారో చూడాలి. బ్రిటన్‌లో 1994లో 'హలాల్ ఫుడ్ అథారిటీ', 2003లో లీసెస్టర్ కేంద్రంగా 'హలాల్ మానిటరింగ్ కమిటీ' ఏర్పడ్డాయి. కోయడానికి ముందు జంతువును విద్యుత్తుతో స్పృహ తప్పించే పద్ధతి గురించి ఈ రెండింటికీ అభిప్రాయభేదం ఉంది. ప్రాణం పోని పద్ధతిలో అయితే ఫర్వాలేదన్నది మొదటి సంస్థ వైఖరి. అసలే కూడదన్నది రెండో సంస్థ వైఖరి. ధర్మవేత్తల మధ్య ఉన్న భేదమే ఇక్కడా ప్రతిఫలించింది. మీరు ఏ ఆలిమ్‌ను విశ్వసిస్తారో ఆయన్ని వెళ్ళేముందే అడిగి, ఒక నిర్ణయానికి వచ్చి వెళ్ళండి. అక్కడ ఆకలితో బల్ల ముందు కూర్చున్నాక ఫత్వాలు వెదకడం మొదలుపెడితే మనసు తనకు నచ్చినదాన్నే ఏరుకుంటుంది.

ఇంగ్లండులో భోజనశాల తలుపు మీద సున్నా నుంచి అయిదు దాకా అంకె ఉన్న మరో కాగితం కూడా కనిపించవచ్చు. అది పరిశుభ్రతకు అధికారులు ఇచ్చే మార్కు. బఖర సూరా 168వ వాక్యంలో అల్లాహ్ హలాల్, తయ్యిబ్ (శుద్ధమైనది) అనే రెండు మాటలను జోడించి చెప్పాడు. పరిశుభ్రత లేని వంటిల్లు, నిల్వ మాంసం, మళ్ళీ మళ్ళీ కాచిన నూనె మనకు ఇష్టం కాకూడదు. హలాల్ కాగితం చూసి శుభ్రత మరిచిపోవడం, శుభ్రత చూసి హలాల్ మరిచిపోవడం రెండూ సగం చూపులే.

రెండు తప్పుదారులు

మన యువకుడి ముందు రెండు తప్పుదారులు ఉన్నాయి. మొదటిది, 'ఊరుకాని ఊరు, ఇక్కడ నన్నెవరు చూస్తారు?' అనుకోవడం. యూసుఫ్‌గూడలో చూసిన అల్లాహ్ లీసెస్టర్‌లో చూడడా? రెండోది, అందరినీ దోషులుగా చూడటం. తాను ఒక్కడే నిష్ఠాపరుడినన్నట్టు ప్రతి సోదరుడి పళ్ళెంలోకి తొంగిచూసి 'ఇది హరామ్' అని తీర్పులు చెప్పడం. హుజురాత్ సూరా 12వ వాక్యం అతిగా అనుమానించడాన్ని వారిస్తోంది, ఇతరుల గుట్టు వెదకడాన్ని నిషేధిస్తోంది.

ఈ రెండింటి మధ్య ఉన్న సరైన దారిని దైవప్రవక్త (స) వారే చూపారు. ఇక్కడ మూడు హదీసులను పక్కపక్కనే పెట్టి చదవాలి.

మొదటిది హజ్రత్ ఆయిషా (ర) ఉల్లేఖించినది. కొందరు వచ్చి, తమకు మాంసం తెచ్చి ఇస్తున్నవారు కోసేటప్పుడు అల్లాహ్ పేరు ఉచ్చరించారో లేదో తమకు తెలియదని విన్నవించుకున్నారు. ఆ తెచ్చేవారు కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు. అప్పుడు దైవప్రవక్త (స) మీరు అల్లాహ్ పేరు ఉచ్చరించి తినండని సెలవిచ్చారు (బుఖారీ). ముస్లిం అయిన వ్యక్తి తెచ్చిన మాంసం విషయంలో నిష్కారణంగా కూపీ లాగనక్కర లేదని ధర్మవేత్తలు దీని నుంచి గ్రహించారు.

రెండోది హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (ర) వేట గురించి అడిగినది. తన వేటకుక్కతో పాటు మరో కుక్క కూడా ఉండి, ఏది వేటాడిందో తెలియకపోతే ఆ మాంసం తినవద్దని దైవప్రవక్త (స) చెప్పారు. తన కుక్కను వదిలేటప్పుడు ఆయన అల్లాహ్ పేరు ఉచ్చరించారు, రెండో దాని విషయంలో ఆ మాట లేదు (బుఖారీ, ముస్లిమ్). అంటే మాంసం ఎలా వచ్చిందో ఆధారమే లేనప్పుడు, సందేహానికి నిజమైన కారణం ఉన్నప్పుడు ఆగిపోవాలి.

మూడోది మన విషయానికి అతి దగ్గరిది. హజ్రత్ అబూ సఅలబా ఖుషనీ (ర) తాము గ్రంథప్రజల ప్రాంతంలో నివసిస్తున్నామనీ, వారి పాత్రల్లో తినవచ్చా అనీ అడిగారు. వేరే పాత్రలు దొరికితే వాటిలోనే తినమనీ, దొరక్కపోతే కడుక్కుని తినమనీ సమాధానం లభించింది (బుఖారీ, ముస్లిమ్). పరాయి సమాజం మధ్య బ్రతికే విశ్వాసికి ఇందులో ఎంత ఊరట ఉందో చూడండి! మెరుగైనది ఉంటే దాన్నే ఎంచుకో, లేకపోతే నీ చేతనైనంత శుద్ధి చేసుకో. ఊరు వదిలి పారిపొమ్మనలేదు, పస్తులుండమనలేదు, పట్టింపు వదిలెయ్యమనీ అనలేదు.

ఎలా అడగాలి?

అడగటానికి మనవాళ్ళకు సిగ్గు. లేదా అడిగితే తగవులా ఉంటుంది. రెండూ అక్కర లేదు. ఇంగ్లండులోనైతే అడగటం మరీ తేలిక. 2014 డిసెంబరు నుంచి అక్కడి భోజనశాలలు వేరుశనగ, పాలు, గుడ్లు, ఆవాలు వంటి 14 రకాల ఎలర్జీ కారక పదార్థాలు ఏ వంటకంలో ఉన్నాయో అడిగినవారికి తెలపాలన్న చట్టం అమల్లో ఉంది. అందువల్ల ఇందులో ఏమేం వేశారని అడిగితే అక్కడ ఎవరూ వింతగా చూడరు. శరీరానికి పడనిదాన్ని అడిగి తెలుసుకోవడం తప్పు కానప్పుడు, ఆత్మకు పడనిదాన్ని అడగటం ఎలా తప్పవుతుంది?

అడగవలసినవి నాలుగే ప్రశ్నలు. మాంసం ఎక్కడి నుంచి వస్తుంది? అన్ని వంటకాలకూ అదే మాంసమా, కొన్నిటికేనా? వంటలోగానీ తీపి పదార్థాల్లోగానీ మద్యం, పంది కొవ్వు, జెలటిన్ వాడతారా? వేపుడు నూనె, గరిటెలు వేరుగా ఉన్నాయా? 'భాయ్, ఒక్క మాట తెలుసుకోవాలి' అని మొదలుపెట్టి, సమాధానం విని, కృతజ్ఞతలు చెప్పండి. ముస్లిం సోదరుడు హలాల్ అని చెబితే, దానికి విరుద్ధంగా కంటికి ఏమీ కనిపించకపోతే, ఆ మాటను స్వీకరించి బిస్మిల్లాహ్ అనండి. సమాధానం తడబడితే కూరగాయలో చేపలో తెప్పించుకోండి. అయితే శాకాహారం అని రాసి ఉన్నంత మాత్రాన మద్యం కలవదని అర్థం కాదు. ఆ ఒక్క ప్రశ్న అక్కడ కూడా అడగండి.

హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (ర) ఉల్లేఖించిన హదీసు (బుఖారీ, ముస్లిమ్) ప్రకారం హలాల్ స్పష్టమే, హరామ్ స్పష్టమే. మధ్యలో ఉన్న సందేహాస్పద విషయాలకు దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్నీ, గౌరవాన్నీ కాపాడుకుంటాడు. ఇక్కడ కాపాడుకోమన్నది ఎవరికి వారు తమను. ఎదుటివాడి గౌరవాన్ని వీధిలో పెట్టమని కాదు.

సీసా ఉన్న బల్ల

మద్యం వడ్డించే బల్ల వద్ద కూర్చోరాదని దైవప్రవక్త (స) హెచ్చరించారు (తిర్మిజీ). ఇది ఇంగ్లండు సమస్య మాత్రమే కాదు. మన నగరంలోనూ బార్ ఉన్న హోటళ్ళలో ఆఫీసు విందులు జరుగుతున్నాయి. చదువులోగానీ ఉద్యోగంలోగానీ తోటివారు పిలిస్తే ముందే చోటు గురించి మాట్లాడండి. మద్యం లేని చోటును మీరే సూచించండి. లీసెస్టర్‌లో అది కష్టం కాదు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆ నగరంలో దాదాపు నాలుగింట ఒక వంతు మంది ముస్లిములే. వేరే దారి లేకపోతే పార్సెల్ కట్టించుకుని గదికి తెచ్చుకోవచ్చు. వచ్చినవారిని ఈసడించకుండా 'మరోసారి మా గదిలో నేనే వండి పెడతాను' అని ఆహ్వానిస్తే స్నేహమూ నిలుస్తుంది, ధర్మమూ నిలుస్తుంది.

ఇంతకన్నా బరువైన విషయం మరొకటి ఉంది. డిగ్రీ చదివే విదేశీ విద్యార్థులకు బ్రిటన్‌లో సాధారణంగా చదువు రోజుల్లో వారానికి 20 గంటల దాకా పని చేసుకునే అనుమతి ఉంటుంది. మన పిల్లల్లో కొందరికి దొరికే మొదటి పని రెస్టారెంట్‌లో వడ్డనే. తాగేవాణ్ణి మాత్రమే కాక మద్యాన్ని మోసేవాణ్ణి, పోసేవాణ్ణి కూడా నిందించిన హదీసు ఉంది (తిర్మిజీ). కాబట్టి పనిలో చేరేముందే సీసాలు, గ్లాసులు మోయవలసి వస్తుందా అని అడగాలి. వంటింట్లోనో, మద్యం లేని దుకాణంలోనో జీతం కాస్త తక్కువైనా మేలు. ఫీజు కట్టాల్సిన బిడ్డకు ఇది చెప్పినంత తేలిక కాదని మనకు తెలుసు. అందుకే తల్లిదండ్రులు ఎంత పంపుతున్నావని మాత్రమే అడిగి ఊరుకోకూడదు, ఎలా సంపాదిస్తున్నావని కూడా అడగాలి. ఇబ్బందిలో ఉన్నానంటే చేతనైనంత ఆదుకోవాలి.

పళ్ళెం ముందు, పళ్ళెం వెనుక

ఆహారం హలాల్ అయితే చాలదు. తినే తీరు కూడా ఆరాధనే. బాలుడైన ఉమర్ బిన్ అబీ సలమా (ర) చేయి పళ్ళెమంతా తిరుగుతుంటే దైవప్రవక్త (స) ఎంతో వాత్సల్యంతో మూడు మాటలు నేర్పారు: అల్లాహ్ పేరుతో మొదలుపెట్టాలి, కుడిచేత్తో తినాలి, తన ముందున్న దాని నుంచి తినాలి (బుఖారీ, ముస్లిమ్). ఇప్పుడు హైదరాబాద్‌లో మండీ పళ్ళెం చుట్టూ నలుగురు కూర్చోవడం వేడుకైంది. ఈ మూడు మాటలను పిల్లలకు నేర్పడానికి అంతకన్నా మంచి బడి ఏముంది? మాంసం ముక్క కోసం పళ్ళెం అవతలికి చేయి చాచిన పిల్లవాణ్ణి కసరకుండా, దైవప్రవక్త (స) నేర్పినట్టే నేర్పండి.

అయితే అదే పళ్ళెంలో సగం అన్నం వదిలేసి లేస్తున్నాం. తినండి, త్రాగండి, కానీ మితిమీరకండి అన్నది ఆరాఫ్ సూరా 31వ వాక్యం చెప్పే హితవు. ఇద్దరి భోజనం ముగ్గురికి సరిపోతుందన్నది హదీసు (బుఖారీ, ముస్లిమ్). నలుగురికి ముగ్గురి భోజనమే తెప్పించి, చాలకపోతే మళ్ళీ అడగండి. మిగిలితే కట్టించి తీసుకెళ్ళడంలో నామోషీ లేదు. వంట నచ్చకపోతే దైవప్రవక్త (స) ఎన్నడూ దాన్ని దూషించేవారు కారు, ఇష్టమైతే తినేవారు, లేకపోతే వదిలేసేవారు (బుఖారీ, ముస్లిమ్). మనమేమో ఉప్పు తగ్గిందని వడ్డించే కుర్రాణ్ణి పదిమందిలో నిలదీస్తాం.

ఆ కుర్రాడు ఎవరు? ఇక్కడ జిల్లాల నుంచి వచ్చినవాడు, అక్కడ ఎవరి బిడ్డో, బహుశా మన వీధి బిడ్డే. వంట చేసి వేడినీ, పొగనీ భరించి భోజనం తెచ్చిన సేవకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోమనీ, వీలు కాకపోతే ఒకటి రెండు ముద్దలైనా ఇవ్వమనీ దైవప్రవక్త (స) ఆదేశించారు (బుఖారీ). ఇంగ్లండులో 2024 అక్టోబరు నుంచి టిప్పుల సొమ్మంతా యజమాని మినహాయించుకోకుండా పనివారికే చెందాలన్న చట్టం అమలవుతోంది. చట్టం ఇప్పుడు చెప్పినదాన్ని మన ధర్మం ఎప్పుడో మన మనసుకు చెప్పింది. కుర్రాణ్ణి మర్యాదగా పిలవండి. లేచేటప్పుడు బల్ల శుభ్రంగా ఉంచండి. తోచింది చేతిలో పెట్టండి.

పాఠం మొదలయ్యేది ఇంట్లోనే

ఇక అసలు విషయానికి వద్దాం. ఊరుకాని ఊరిలో మన బిడ్డ ఎందుకు తడబడుతున్నాడు? ఇక్కడ ఉన్న ఇరవై ఏళ్ళలో నాన్న హోటల్లో ఒక్క ప్రశ్న అడగటం అతను చూడలేదు. చుట్టూ మనవాళ్ళే అన్న ధీమాతో మనం అడగటం మానేశాం. ఫోనులో బొమ్మ చూసి తెప్పిస్తున్నాం. అది ఎవరి వంటిల్లో, ఏ నూనెలో వండారో పట్టించుకోవడం లేదు. అలాంటి ఇంట్లో పెరిగిన బిడ్డకు విమానం ఎక్కే రోజు 'జాగ్రత్తగా తిను బేటా' అని చెబితే ఆ మాట ఎంత దూరం వెళుతుంది?

కాబట్టి ఈసారి కుటుంబమంతా బయటికి వెళ్ళినప్పుడు, అడిగే పనిని పెద్దబ్బాయికో అమ్మాయికో అప్పగించండి. మృదువుగా ఎలా అడగాలో పక్కన కూర్చుని చూడండి. ఇంట్లో అన్నం, పప్పు, కోడికూర వండటం అబ్బాయిలకూ నేర్పండి. తన చేత్తో వండుకోగలిగినవాడు బోర్డుల చుట్టూ తిరగనక్కర లేదు.

ఒకసారి ఆకలితో ఇంటి నుంచి బయటికి వచ్చిన దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (ర), హజ్రత్ ఉమర్ (ర) గార్లకు ఒక అన్సారీ సహచరుడు ఖర్జూరాలు, మేక మాంసం, చల్లని నీళ్ళు ఇచ్చి ఆదరించారు. తృప్తిగా తిన్న తర్వాత, ఈ అనుగ్రహాన్ని గురించి కూడా ప్రళయదినాన ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) వారికి గుర్తు చేశారు (ముస్లిమ్). ఆకలితో తిన్న ఆ ఒక్క పూట గురించే ప్రశ్న ఉంటే, వేడుకగా తింటున్న మన పూటల మాటేమిటి? ఆ రోజు అల్లాహ్ అడగబోయే ముందు, ఇక్కడ మనమే నాలుగు మాటలు అడిగి తినడం మంచిది కాదా?

అల్లాహ్ మనకూ, దూరదేశాల్లో ఉన్న మన బిడ్డలకూ పరిశుద్ధమైన ఉపాధిని, దాన్ని ఎంచుకునే వివేకాన్ని, మృదువైన మాటను ప్రసాదించుగాక! ఆమీన్.